ఒత్తులక్క కొలిచిన వంతెన

మా ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఆమెను అందరం ఒత్తులక్క అనేవాళ్లం. ఒత్తు ఊడినా, దీర్ఘం జారినా ఆమె కన్నుగప్పి అచ్చుయంత్రం దాకా వెళ్లడం జరగని పని. ఒకసారి ఓ పెద్దాయన సన్మాన సంచికలో ‘మహాకవి’ కాస్తా ‘మహాకపి’ అయి కూర్చున్నాడు. ముగ్గురం చూశాం, ముగ్గురికీ కనబడలేదు. అక్క రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తి యంత్రం ఆపించింది. “ఆయనకు తోక మొలిచేలోపు మార్చండి” అంది.

ఆమె పక్క బల్ల దగ్గర పదమూడేళ్లు పేజీలు పేర్చినదాన్ని కాబట్టి ఆమె పద్ధతి నాకు బాగా తెలుసు. చదువుతున్న వాక్యం కింద స్టీలు స్కేలు పెట్టుకునేది. పెదాలు కదిలేవి గానీ చప్పుడు వచ్చేది కాదు. చేతిలో ఒక కలం, ఒక పెన్సిలు ఉండేవి. మా తప్పులకు ఎర్రసిరా, రచయిత తప్పులకు పెన్సిలు. “మన తప్పు కొట్టెయ్యాలి, వాళ్ల తప్పు అడగాలి” అనేది. పెన్సిలుతో పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఊరుకునేది. ఆ ప్రశ్నార్థకం చూసి చాలామంది రచయితలు మొహం మాడ్చుకున్నారు కానీ, జవాబు చెప్పకుండా ఎవరూ తప్పించుకోలేదు.

ఈ సంగతి జరిగినప్పుడు ఆమెకు యాభై రెండేళ్లు. ఆఫీసుకు పది నిమిషాల నడక దూరంలో రెండు గదుల ఇల్లు. భర్త కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం, నెమ్మదైన మనిషి. వాళ్లతో పాటే అక్క వాళ్ల నాన్న ఉండేవాడు. ఎనభై రెండేళ్ల ఆ పెద్దాయన వయసులో ఉండగా నది ఒడ్డున తాళ్ల షెడ్డులో పనిచేశాడు. పడవలకు మోకులు పేనడంలో చెయ్యి తిరిగినవాడట. షెడ్డు మూతపడ్డాక ఒక గోదాముకు కాపలా కాసి పిల్లల్ని పెంచాడు.

మా ఊళ్లో అందరూ చెప్పుకునే మాట ఒకటి ఉండేది. ఒకప్పుడు ఇది పెద్ద రేవు. తాళ్లపనివాళ్లు మొండిపట్టు పట్టి యంత్రాలను రానివ్వలేదు, అందుకే పని పోయింది, పనితో పాటు రేవూ పోయింది. బళ్లో కూడా ఇదే చెప్పేవారు. అక్క ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు టీచరు ఈ పాఠం చెబుతూ ఆమె వైపు చూసి నవ్విందట. ఇంటికొచ్చి నాన్నను అడిగితే, “ఏమోనమ్మా, అందరూ అంటున్నారంటే అయ్యుంటుంది” అన్నాడట. ఆ జవాబు ఆమెకు ఏళ్ల తరబడి ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఏడు మా దగ్గరికి రెండు పుస్తకాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి కథల సంపుటి. నది ఒడ్డు పేటల్లో పుట్టి పెరిగిన పన్నెండుమంది ఆ పేటల గురించే రాసిన కథలు. రెండోది ఒక ప్రొఫెసరుగారు పదకొండేళ్లు కష్టపడి రాసిన రేవు ఆర్థిక చరిత్ర. అది పాత మాటను తిరగరాసే పుస్తకం. తాళ్లపనివాళ్ల తప్పేమీ లేదని ఆయన వాదన. నదిలో ఇసుక మేట వేసింది, లోతు తగ్గింది, పెద్ద పడవలు రావడం మానేశాయి. పడవల్లేకపోతే మోకులు ఎవరికి కావాలి?

అక్క ఆ అధ్యాయం ప్రూఫులు యజమానికి చెప్పి మరీ ఇంటికి తీసుకెళ్లి నాన్నకు చదివి వినిపించింది. ఆయన గోడకు చేరగిలబడి విన్నాడు. అయ్యాక, “ఆ చివరి ముక్క మళ్లీ చదువమ్మా” అన్నాడు. తాళ్లపనివాళ్ల తప్పు లేదన్న ముక్కే అది. మూడుసార్లు చదివించుకున్నాడు. మర్నాడు ఆమె ఆఫీసుకు వచ్చిన తీరు చూస్తే ఇంట్లో పెళ్లి కుదిరిందేమో అనుకున్నాను.

ఆ వారంలోనే ఆమె పెన్సిలు ఆగింది.

కథల సంపుటిలో ఒక కథలో, పడవవాడు వంతెన దగ్గరికి రాగానే తిట్టుకుంటూ తెరచాప కొయ్యను కిందికి వాల్చుకుంటాడు. మరో కథలో పెద్ద పడవ వంతెనకు అవతలే ఆగిపోతే, పెళ్లికూతురి పెట్టెలు అక్కడ దించి బండి మీద ఊళ్లోకి తెస్తారు. మూడో కథలో ఒక పిల్ల, పెద్ద పడవలు రావడం మానేసిన ఏడాది, వంతెన కింద వెదురుగడ దింపి చూస్తే అడుగు తగలదు. ముగ్గురూ వేరువేరు రచయితలు. ఒకరినొకరు చూసుకోలేదు కూడా.

“చూశావా?” అని మూడు కాగితాలూ నా ముందు పరిచింది. “అడుగు తగలనంత నీళ్లుంటే ఇసుక మేట ఎక్కడుంది?”

“కథలే కదక్కా” అన్నాను.

“కథే. కానీ ముగ్గురికీ ఒకే వంతెన మీద ఎందుకంత కోపం?”

ప్రొఫెసరుగారి పుస్తకంలో వంతెన ఊసు ఒకే ఒక్కచోట ఉంది, అదీ ప్రారంభోత్సవం తేదీ కోసం. ఆ తేదీ పక్కన అక్క పెన్సిలుతో రాసింది: “ఎత్తు ఎంత?”

ప్రూఫులు తిరిగొచ్చాయి. ఆ ప్రశ్న కింద ఆయన మర్యాదగానే రాశారు: “కథకులు ఊహిస్తారు. చరిత్రకు కాగితం కావాలి.” అది చదివి యజమాని తల గోక్కున్నాడు. “మనకు కామాలు చాలమ్మా. ఆయన మీ నాన్నగారి వైపే కదా రాశాడు, కదిలించడం ఎందుకు?”

“మా నాన్న వైపు రాశాడనే రెండోసారి చూస్తున్నాను సార్” అంది అక్క. “మనకు నచ్చిన మాటలోనే తప్పు కనబడదు.”

ఆదివారం ఉదయం నన్నూ రమ్మంది. వెళ్లేసరికి వాళ్ల నాన్న ఒక సన్నటి తాడుకు అడుగుకో ముడి వేస్తున్నాడు. కొలబద్ద వాడలేదు. ఆయన వేసిన ముడులను అక్క స్కేలుతో సరిచూసింది. నలభై ముడుల్లో ఒక్కటే అర అంగుళం తేడా. “కళ్లు మందగించాయి” అని ఆ ముడి విప్పి మళ్లీ వేశాడు.

“పెద్ద పడవ కొయ్య ఎంతుండేది నాన్నా?”

“ముప్పై ఆరడుగులు. దాని మోకులు పేనింది నేనే, నాకు తెలీదా? చిన్న పడవ కొయ్యయితే వాలుతుంది. పెద్ద పడవ కొయ్య అడుగున దిగేసి ఉంటుంది, వాలదు.”

“మరి వంతెన కట్టినప్పుడు ఎత్తు సంగతి ఎవరూ అనలేదా?”

ఆయన మిగిలిన తాడు చుట్టడం మొదలుపెట్టాడు. “వంతెన సంగతి వదిలెయ్యి” అన్నాడు.

మేమిద్దరం వంతెన మీదికి వెళ్లాం. తాడు చివర ఒక రాయి కట్టి కమ్మీల సందులోంచి దింపాం. దారినపోయే ఒకాయన సైకిలాపి, “ఏం పడిపోయిందమ్మా?” అని అడిగాడు. “ఎత్తు పడిపోయింది” అంది అక్క సీరియస్‌గా. ఆయన కాసేపు నీళ్లలోకి చూసి వెళ్లిపోయాడు. వంతెన అడుగు దూలం నుంచి నీటిమట్టానికి ఇరవై రెండు అడుగులు. వాన లేని నెలల్లో అంత. వరద రోజుల్లో ఇంకా తక్కువే ఉంటుంది. ముప్పై ఆరడుగుల కొయ్య ఇరవై రెండడుగుల కింద దూరదని చెప్పడానికి ప్రొఫెసరు అక్కర్లేదు.

అయినా ఆయన దగ్గరికే వెళ్లాలంది అక్క. ఉత్తరం రాస్తే ఆయనే మా ఆఫీసుకు వచ్చారు. పొడుగ్గా, కాస్త వంగిన మనిషి. రెండు సంచుల నిండా కాగితాల నకళ్లు తెచ్చుకున్నారు. మూడు కథలూ కూర్చున్నచోటే చదివారు, తాడు కొలత విన్నారు.

“సరే” అన్నారు చివరికి. “కానీ నా దగ్గర లోతు సర్వేలు రెండున్నాయి. వంతెన తెరిచిన ఏడు పద్దెనిమిది అడుగులు. తొమ్మిదేళ్ల తర్వాత ఆరడుగులు. ఇసుక మేట అబద్ధం కాదు కదమ్మా.”

“అబద్ధం అనలేదండీ. ముందు ఏది, వెనక ఏది అని అడుగుతున్నాను. రేవు లోతు తగ్గకుండా ఇసుక తోడే పూడిక పడవ ఒకటి ఉండేదట కదా, అదెప్పుడు ఆగింది?”

ఆయన సంచిలోంచి ఒక కట్ట తీసి, దారం విప్పి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పారు. మేం టీ తెప్పించాం, అది చల్లారిపోయింది. పావుగంట తర్వాత ఒక కాగితం మీద వేలు ఆపి పైకి చదివారు. వంతెన తెరిచిన నాలుగో ఏట పూడిక పడవను వేరే రేవుకు పంపేశారు. కారణం కూడా అందులోనే ఉంది: పెద్ద పడవలు రావడం లేదు గనుక ఇక్కడ అవసరం లేదు.

“ఈ కాగితం నేను చూశాను” అన్నారు ఆయన. “చూసి, తేదీ రాసుకుని, పక్కన పెట్టాను. పడవలు ఆగాక ఇసుక వేసింది. నేను తలకిందులుగా రాశాను.”

“రాసింది ఇంకా అచ్చు కాలేదు కదండీ” అంది అక్క.

ఆయన నవ్వారు. తర్వాత, వంతెన ఫైలు ఉంటే చూడాలంటూ మళ్లీ పాత రికార్డుల గదికి వెళ్లారు. పది రోజుల్లో తిరిగొచ్చారు. ఈసారి ఒకే కాగితం తెచ్చి అక్క ముందు పెట్టారు.

అది తాళ్లపనివాళ్ల అర్జీ. నదికి అవతల ఇళ్లు, ఇవతల షెడ్డు, రోజూ పడవ మీద దాటాలి. ఆ పడవ మునిగి పదకొండుమంది పోయారు. వంతెన వెంటనే కట్టండి, ఇక ఆలస్యం చేయకండి అని నలభై మూడు సంతకాలు. పక్కన అధికారి రాత: పనివాళ్లు తొందరపెడుతున్నందున తక్కువ ఎత్తు నమూనాకే అనుమతి, ఎక్కువ ఎత్తుకు రెండేళ్లు అదనం. సంతకాల్లో ఏడోది అక్క వాళ్ల నాన్నది. ఆ పడవలో పోయిన పదకొండుమందిలో ఒకరు ఆయన సొంత అన్న. పెదనాన్న నీళ్లలో పోయాడని అక్కకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ చావుకూ ఈ వంతెనకూ ముడి ఉందని మాత్రం అప్పుడే తెలిసింది.

“ఇది వెయ్యాలా వద్దా అన్నది మీరే చెప్పండి” అన్నారు ప్రొఫెసరుగారు. “సంతకాల జోలికి పోకుండా కూడా రాయొచ్చు.”

అక్క ఆ కాగితం కింద స్టీలు స్కేలు పెట్టి మొదటి సంతకం నుంచి చివరి సంతకం దాకా చదివింది. “వెయ్యండి” అంది. “అధికారి రాసింది కూడా అక్షరం పోకుండా వెయ్యండి. మా నాన్నకు నేను చెప్పుకుంటాను.”

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదట. ఆ సాయంత్రం కాగితం నకలు చూపిస్తే ఆయన దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడట. చివరికి అన్నాడట: “అన్నయ్య పోయి నెల కూడా కాలేదమ్మా. ఎత్తెంతని ఎవడడుగుతాడు? కట్టేశాక మొదటి పెద్ద పడవ వచ్చి ఆగిపోయింది. ఆ రోజే తెలిసింది, ఏం జరిగిందో. షెడ్డులో ఎవరం ఎవరి మొహం చూసుకోలేదు. తర్వాత ఊళ్లోవాళ్లు యంత్రాలనీ మొండితనమనీ అంటుంటే, పోనీ అననీ అనుకున్నాం. ఇదొకటి బయటపడటం కంటే అదే నయమనిపించింది.”

“యాభై ఏళ్లు మోశావా నాన్నా ఇది?”

“నలభై మూడుమందిమి మోశాం. మిగిలింది నేనొక్కణ్ణే.”

పుస్తకం నాలుగు నెలలు ఆలస్యమైంది. యజమాని సణిగాడు గానీ, కొత్త అధ్యాయం చదివాక సణగడం మానేసి కథల సంపుటినీ దాంతో కలిపే విడుదల చేద్దామన్నాడు. గ్రంథాలయం హాల్లో సభ. కుర్చీలు చాలక కొందరు కిటికీల దగ్గర నిలబడ్డారు. వెదురుగడ కథ రాసినామె తన కథ చదివింది. ప్రొఫెసరుగారు, తాను ఎక్కడ పొరబడ్డారో, ఎవరు అడిగితే తెలిసిందో దాచకుండా చెప్పారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి లేచాడు. “అయితే రేవును పోగొట్టింది ఆ నలభై మూడు సంతకాలే అన్నమాట” అన్నాడు. అక్క లేవబోయింది. ఆమె భుజం మీద చెయ్యివేసి వాళ్ల నాన్న లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

“ఏడో సంతకం నాదే బాబూ” అన్నాడు. “ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ పెడతాను. మునగకుండా ఇంటికి చేరాలని వంతెన అడిగాం. అడగడం మా పని. ఎంతెత్తున కడితే పడవలు పోతాయో చూడటం చదువుకున్నవాళ్ల పని. ఆ పని చెయ్యకుండా మా తొందర మీదికి నెట్టారు. ఆ సంగతి ఇన్నాళ్లకు ఈ పుస్తకంలో రాశారు. నాకది చాలు.”

చెప్పి ఆయన కూర్చున్నాడు. ఆ రిటైర్డ్ ఉద్యోగి నిలబడే ఉన్నాడు. కాసేపటికి ముందుకొచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుని, మునిగిన పడవలో తమ బంధువు ఒకరు కూడా ఉన్నారని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరూ సభ అయిపోయి దీపాలు తీసేసేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ మరుసటి ఏడు ప్రొఫెసరుగారు ఉప్పుమడుల చరిత్ర మొదలుపెట్టి, రాతప్రతి ముందు అక్కే చూడాలన్నారు. ఆమె రెండు షరతులు పెట్టింది. ప్రూఫుల దశలో కాదు, కాగితాలు పోగుచేస్తున్నప్పుడే తనకు చూపించాలి. లోపలి పేజీలో తన పని పేరు ‘పరిశీలన’ అని పడాలి, ‘సహకారం’ అని కాదు. ఆయన రెండింటికీ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆదివారాలు ఆమె ఉప్పుమడుల వైపు వెళ్తోంది. అక్కడ పనిచేసిన ముసలమ్మలు కథలు చెబితే రాసుకుంటోంది. పోయిన వారం ఆఫీసుకు రాగానే, “ప్రభుత్వ లెక్కల్లో ఆ ఏడు వాన పడలేదని ఉంది, ముగ్గురు ముసలమ్మలు మాత్రం ఆ ఏడే ఉప్పంతా కరిగిపోయిందంటున్నారు” అని చెప్పి, పెన్సిలు చెక్కుకుని పని మొదలుపెట్టింది.