ఫ్రేము కింది నిమిషం

ఆ అవ్వ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డిలోని నా కెమెరాల దుకాణానికి వచ్చిందనీ, కొడుకు చాయ్ హోటల్లో కూర్చున్న వీడియో తెచ్చిందనీ ఖాయంగా చెప్పగలను. నాలుగుంబావుకు అతని ఆటో ఎల్లారెడ్డి శివారులో ఒక మనిషిని గుద్దిందన్నది మాత్రం విన్నమాట. ఆ మాట మీదే పోలీసులు అతన్ని పట్టుకెళ్లారు.

కెమెరాల పరీక్షకు నేను రాసుకున్న ప్రోగ్రాం ప్రతి ఫ్రేము కిందా దాని సమయం చూపుతుంది. చదువురాని ఆ అవ్వ ఫ్రేము మారినప్పుడల్లా అంకెల మీద వేలు పెట్టి, "నాలుగుంబావు అయ్యిందా బిడ్డా?" అని అడిగేది. అయ్యాక ఇక వేలు తీయలేదు.

"ఉన్నడు గదా! పోలీసోల్లకు రాసియ్యి."

ఆ తరువాత కూడా అతను పది నిమిషాలు అక్కడే కూర్చుని, అప్పుడు లేచి వెళ్లాడు.

"కెమెరా గడియారం సరిగ్గున్నదో లేదో చూడాలె అవ్వా."

"గడియారానికి నా కొడుకు మీద పగనా ఏంది?"

వస్తున్నానని ఆ హోటలుకు ఫోన్ చేసి, ఆమెతోపాటే ఎల్లారెడ్డి వెళ్లాను. హోటలాయన సంతోషంగా ఎదురొచ్చాడు.

"గిరాకీకి బస్సు తప్పొద్దని గోడ గడియారం లెక్కనే కెమెరాది గూడ ముందుకు పెట్టిన సారూ. మీరొస్తున్నరని ఇప్పుడే రెండూ సక్కగ చేసిన."

"ఎంత ముందుండె?"

"యాది లేదు. ఐదు నిమిషాలో, పావుగంటనో."

ఐదైతే కొడుకు హోటల్లోనే ఉన్నాడు. పావుగంటైతే అప్పటికే లేచి వెళ్లాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఐదే అని రాయి బిడ్డా. నీ కాల్మొక్త."

రెండూ సాధ్యమేనని రాసిచ్చాను. ఆ కాగితంలో ఏముందని ఆమె అడగలేదు.

గడియారం ఎంత ముందుండేదో నాకిప్పటికీ తెలియదు. వస్తున్నానని నేను చెప్పాను గనుక, ఆ తప్పును కొలిచేలోపే ఒక మంచి మనిషి దాన్ని సరిదిద్దాడు.