ఎడమకు తిప్పితే కుడికి పోయిన జీపు

మిరపకాయ కొరికి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఖమ్మం జిల్లాలో ఏ ఊరికి పోయినా దొరుకుతారు. మిరపకాయల్లోకి జీపుతో సహా దిగినవాళ్లు మాత్రం నాకు తెలిసి ముగ్గురమే: నేను, మా నాన్న, పాపం పెద్దయ్యగారు. దింపింది నేనే కాబట్టి ఆ కథ చెప్పే హక్కు కూడా నాదే.

ఎనభైల నాటి మాట. బూర్గంపాడులో ఉండేవాళ్లం. నాన్న వేలంలో కొన్న పాత జీపును అడవి పల్లెలకు కిరాయికి తిప్పేవాణ్ని. నాకప్పుడు ఇరవై దాటాయి. జీపుకు నాకన్నా ఎక్కువే ఉంటాయి. ఇంజను బంగారం. స్టీరింగు మాత్రం సగం చుట్టు తిప్పితే గానీ ముందు చక్రాలకు కబురు అందేది కాదు. అందిన తర్వాత కూడా అవి కాసేపు ఆలోచించుకుని తిరిగేవి.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో అడవి అంచున ఒక గూడెంలో కొత్త చర్చి కట్టారు. దాన్ని తెరవడానికి పెద్దయ్యగారు వస్తున్నారు. మా వైపు పాస్టరును అయ్యగారంటాం. ఈయన అందరికన్నా పెద్ద కనుక పెద్దయ్యగారు. డెబ్బై దాటిన మనిషి, నిలువెత్తు గంభీరం. ఆయన నవ్వగా గానీ ఏడవగా గానీ చూసినవాళ్లు లేరు. ప్రసంగం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోవలసిందే. మా నాన్న సంఘపెద్ద. "మా బండిల పువ్వోలె తోల్కపోత," అని మాటిచ్చేశాడు. ఇచ్చాక స్టీరింగు గుర్తొచ్చింది.

"అరేయ్ దానం, బండిని జల్దీ మెకానిక్‌కు చూపియ్‌రా."

"మెకానిక్ ఎందుకు నాన్నా? నేను లేనా?"

ఆ వయసులో నేను ఎక్కువగా వాడిన వాక్యం అదే.

కొత్తగూడెంలో పాత ఇనుము దుకాణానికి పోయి, ఏదో మిలటరీ బండి నుంచి ఊడదీసిన స్టీరింగు రాడ్లు తెచ్చాను. ఒక్కొక్కటి రోకలంత లావు. జీపు ముందుభాగంలో, కింద మధ్యలో ఒక వంకర ఇనుప చెయ్యి ఉంటుంది. స్టీరింగు నుంచి వచ్చే రాడ్డు దాన్ని నెడితే, అది రెండు చక్రాలనూ తిప్పుతుంది. పాతదాన్ని పీకి మిలటరీ చెయ్యి పెట్టబోతే, రాడ్డు తగిలించే దాని చెవి ఛాసిస్‌కు తగులుతోంది. చెయ్యిని తిరగేసి, చెవి అవతలి వైపుకు వచ్చేలా బిగించాను. చెవి ఎటు ఉంటే ఏం, వినబడితే చాలు కదా!

బోల్టులన్నీ బిగించి బయటికి వచ్చేసరికి, పెద్దయ్యగారు మా ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఒకసారి చూద్దామని జీపెక్కి, గేటు ఎడమవైపున ఉందని ఎడమకు తిప్పాను. జీపు కుడికి పోయి కోళ్లగూడు మీద ఎక్కింది.

నాన్న బయటికి పరుగెత్తుకొచ్చాడు. "ఏందిరా గిది?"

"స్టీరింగు ఎంత ఫ్రీగా తిరుగుతున్నదో చూస్తున్న నాన్నా."

మళ్లీ అంతా విప్పాలంటే పూట పడుతుంది. పెద్దయ్యగారేమో అప్పటికే గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మీరైతే నిజం చెప్పేవారు. నాకు మాత్రం అప్పుడు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది: బండి మారకపోతే మనిషే మారాలి! ఎడమంటే కుడి, కుడంటే ఎడమ. ఇంతే కదా?

నిజం చెబుతున్నాను, చాలా దూరం బ్రహ్మాండంగా నడిపాను. పెద్దయ్యగారు పక్క సీట్లో, నాన్న వెనకాల. మలుపు మలుపుకూ నా మీద నాకే గౌరవం పెరిగిపోతోంది. పెద్దయ్యగారు నా చేతులనే చూస్తున్నారు.

"ఏమయ్యా, నువ్వు అటు తిప్పితే బండి ఇటు పోతున్నదేమిటి?"

"మిలటరీ సామాను అయ్యగారూ. శత్రువు మన చేతులు చూసి మోసపోవాలని గిట్ల చేస్తరు."

వెనక నుంచి నాన్న దగ్గు వినిపించింది.

గూడెం కనబడుతోంది. డోళ్లు కూడా వినబడుతున్నాయి. అప్పుడే పొదల్లోంచి ఒక బర్రె తాపీగా రోడ్డెక్కింది. కంగారులో మనిషికి కొత్త విద్యలు గుర్తుండవు. అలవాటు కొద్దీ చేతులు కుడికి తిప్పేశాయి. జీపు ఎడమకు దూకి, కట్ట దాటి, రోడ్డు పక్క కల్లంలో కొండలా పోసిన ఎండు మిరపకాయల్లోకి బానెట్ దాకా దిగబడింది.

ఒక్క క్షణం లోకమంతా ఎరుపే. ఆ తర్వాత తుమ్ములు.

"శత్రువు... హాఛ్... మోసపోయినట్టేనా?" అన్నారు పెద్దయ్యగారు.

కల్లం యజమానురాలు సీతారావమ్మగారు చేట పట్టుకుని వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. "ఏవయ్యా, అంత రోడ్డుండగా నా కల్లమే దొరికిందా... హాఛ్... నీకు? సాయంత్రం వచ్చి ఒక్కో కాయా ఏరి పోసి మరీ వెళ్లాలి!"

"అట్లనే అమ్మా," అని తుమ్మాను. ఏరాను కూడా. ఆ మంట అరచేతుల్లో ఎన్నాళ్లున్నదో అడక్కండి.

జీపును అక్కడే వదిలి నడిచాం. పెద్దయ్యగారు కళ్లు తుడుచుకున్న కొద్దీ ధారలు ఎక్కువయ్యాయి. నాన్న వెక్కిళ్లు పెడుతున్నాడు. మమ్మల్ని చూడగానే డోళ్లు ఆగిపోయాయి. గూడెం పెద్ద ముత్తయ్య చేతులు జోడించాడు.

"చూడుండ్రి! గింత పెద్దమనిషి మన చర్చి చూసి గెట్ల ఏడుస్తుండో!"

ముందు ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. తర్వాత అందరూ. పెద్దయ్యగారు మెట్టెక్కి, "ప్రియులారా..." అన్నారు. గొంతు పూడుకుపోయింది. "ఈ రోజు... నేను... మాట్లాడలేను." అంతే, చర్చి చర్చంతా గొల్లుమంది. అంత చిన్న ప్రసంగం ఆయన అంతకు ముందూ చేయలేదు, తర్వాతా చేయలేదు. భోజనాలు పొగలు కక్కుతుండగానే తిన్నాం.

తర్వాతి ఆదివారం పక్క ఊరి సంఘపెద్ద మా ఇంటికొచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు.

"మేం గూడ చర్చి తెరుస్తున్నం. పెద్దయ్యగారిని తోల్కరావాలె."

"అవ్, తప్పకుంట."

"బండి మాత్రం మీ పిల్లగాడే నడపాలె. ఆయనను గట్ల ఏడిపిచ్చినోడు ఈ జిల్లాలనే లేడంట!"

నాన్న మెల్లగా నావైపు తిరిగాడు. ఆ చూపు ముందు మిరపఘాటు దిగదుడుపు. వెంటనే లేచి నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కుడిచెయ్యి పైకెత్తి, ప్రాణం పోయినా ఇక ఏ బండి స్టీరింగు రాడ్డూ ముట్టుకోనని ఆ పెద్దమనిషి సాక్షిగా ఒట్టేశాను.

"అది ఎడమ చెయ్యిరా," అన్నాడు నాన్న.