రెండువందల పంతొమ్మిదో స్నానాలగది

మురెంగా గుట్ట మీద ఒక్క కట్టె కూడా వెలిగించకుండా వేణ్ణీళ్ళు కురిపించిన మొదటి మనిషి గితోంగా. ఆ గెలుపు ఊరికే రాలేదు. తొంభై ఏడో సంవత్సరంలో ఆసుపత్రి నర్సమ్మ ఇంట్లో హీటరు బిగించాడు. తొట్టి ఉండని రకం అది. నీళ్ళు నిలవ చెయ్యదు, గొట్టంలో వచ్చే నీళ్ళని వచ్చినట్టే వేడెక్కించి తల మీద పోస్తుంది. వారం తిరక్కుండా మాడిపోయింది. రెండోది తెచ్చి బిగిస్తే అదీ మాడింది. పైగా కుళాయి పట్టుకున్న నర్సమ్మ చెయ్యి జివ్వుమంది.

"నీ చేతిలో చావడానికేనా నేనింత దూరం బదిలీ చేయించుకుని వచ్చింది?" అని ఆవిడ అరిచిన అరుపు దిగువన బడిదాకా వినపడింది.

గితోంగా చదివింది ఏడో తరగతే. ఎవరినీ సలహా అడగలేదు. కుళాయి నీళ్ళు చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉప్పన! బోరు వేసిన నాటినుంచీ గుట్టంతా తాగుతున్నది ఆ నీళ్ళే. నాలుకలు అలవాటు పడిపోయి ఉప్పు సంగతి అందరూ మరిచిపోయారు. ఆ ఉప్పే హీటరు గుండెని తినేస్తోంది. మర్నాడు బస్సులో నిలబడి నైరోబీ వెళ్ళాడు. నాలుగు దుకాణాలు తిరిగి, ఉప్పునీళ్ళ కోసం వేరేగా చేసిన హీటరు ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. నర్సమ్మ భయంభయంగా లోపలికెళ్ళి, అరగంట తర్వాత తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. టీ కాచి ఇచ్చింది. అందులో మూడు చెంచాల చక్కెర వేసింది.

అక్కణ్ణించి ఇరవై ఎనిమిదేళ్ళలో రెండువందల పద్దెనిమిది ఇళ్ళు. పాదిరిగారి ఇల్లు, పాల సంఘం వారి అతిథి గది, ఇద్దరు పోలీసుల ఇళ్ళు అందులోవే. ఆ నర్సమ్మ తర్వాత అతని పనివల్ల ఒక్కరికీ షాకు కొట్టలేదు. సన్న తీగ వేసి లావు తీగకి డబ్బు తీసుకోలేదు. పిల్లలు కలగలేదని అన్నదమ్ములు రెండో పెళ్ళికి పట్టుపడితే, "ఒక్క గొట్టానికి రెండు హీటర్లు పెట్టను" అని కూటంలోంచి లేచి వచ్చేశాడు. అది కూడా అతని లెక్కలో గెలుపే.

"మేస్త్రీ, మొత్తం ఎంతవుతుంది?" అని ఎవరడిగినా అతని జవాబు ఒకటే. "హీటరు ధర చూసి మురిసిపోకండి. పెళ్ళికూతురు ఒక్కత్తే రాదు, వెనకాల చుట్టాలొస్తారు. లావు తీగ వస్తుంది, బ్రేకరు వస్తుంది, గోడకి పెద్ద స్విచ్చి వస్తుంది, భూమిలోకి రాగి కడ్డీ దిగుతుంది, నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చోడానికి మంచె కావాలి. చుట్టాల భోజనమే ఎక్కువ."

ఇంత చేసిన మనిషి ఇంట్లో మాత్రం మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిపట్టిన గిన్నె. అతని భార్య న్యావిరా చీకటితో లేచి, పొగలో కళ్ళు నలుపుకుంటూ నీళ్ళు కాచి, బక్కెట్లో చన్నీళ్ళతో కలిపి పెట్టేది. అతను స్నానం చేసి వెళ్ళి ఇంకొకళ్ళ ఇంట్లో హీటరు బిగించి వచ్చేవాడు. తమ ఇంటికోసం కొనకపోలేదు. రెండుసార్లు కొన్నాడు. మొదటిది పెట్టెలోంచి తియ్యకముందే బడి పెద్దమాస్టారి హీటరు మాడిపోయింది, ఆయన ఇంటికెళ్ళిపోయింది. రెండోది పక్కింటి ముసలమ్మ వచేకె కోడలు పురిటికొచ్చినప్పుడు కంచె దాటి వెళ్ళింది. "బాలింతకి చన్నీళ్ళేం పోస్తాం?" అన్నాడు గితోంగా. న్యావిరా కాదనలేదు. ఖాళీ అట్టపెట్టె మడిచి పొయ్యి కిందికి తోసింది, అంతే.

ఆమె మోకాళ్ళు పట్టేసి మూడేళ్ళయింది. ఆ గుట్ట మీద జూన్ అంటే చలికాలం, బంగాళాదుంప మొక్కల మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. పోయినేడు జూన్‌లో ఒక ఉదయం బక్కెట్ మోసుకొస్తూ గడప దగ్గర కూలబడింది. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. లేచి, తడి గౌను మార్చుకుని, సంచి సర్దుకుంది.

"ఎక్కడికి?" అన్నాడతను.

"మ్వేయా. అక్క దగ్గరికి. అక్కడ ఎండ ఊరికే వస్తుంది, ఎవరూ బిగించక్కర్లేదు."

"ఎప్పుడొస్తావు?"

"గుట్టంతా నీ పేరు చెప్పుకుని వేణ్ణీళ్ళు పోసుకుంటోంది కదా పెద్దమనిషీ. నా వంతు ఎప్పుడొస్తే అప్పుడు."

నెల రోజుల్లో తిరిగొస్తుందిలే అనుకున్నాడు. పధ్నాలుగు నెలలు గడిచాయి. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. వానల గురించి, మోకాళ్ళ గురించి, అక్క నడిపే బియ్యం దుకాణం గురించి రెండు మాటలు. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఊరుకునేవారు. ఆ ఊరుకోవడమే అతనికి వారమంతా మిగిలేది. ఆదివారం నాడు మొక్కజొన్నా చిక్కుడు గింజలూ ఒక కుండెడు ఉడకేసుకుని బుధవారందాకా అదే తినేవాడు. నీళ్ళు కాచుకోవడం మానేశాడు. చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ, పాదిరిగారి హీటరు బాగుచెయ్యడానికి వెళ్ళేవాడు.

మొన్న ఆగస్టు మొదట్లో పొద్దున్నే గిన్నె దగ్గర కూర్చుని పొయ్యి ఊదబోతే మూడు రాళ్ళూ మంచులా తగిలాయి. వాటి మీద స్నానానికి నీళ్ళు కాగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నమే మోటారు సైకిలు అమ్మేశాడు.

కిహారా సామాన్ల దుకాణంలో చీటీ పెట్టాడు. కిహారా చదివి కళ్ళద్దాలు పైకి తోశాడు. "ఎవరి ఇల్లు మేస్త్రీ? ఇరవై ఎనిమిది మీటర్ల తీగా? కరెంటు మీటరు ఒక ఊళ్ళో, స్నానాలగది ఇంకో ఊళ్ళో కట్టుకున్న ఆ తెలివైన మనిషి ఎవరు?"

"నేనే."

కిహారా నవ్వు ఆపుకుని లెక్క కట్టాడు. ఉప్పునీళ్ళ హీటరు అయిదువేల నాలుగువందలు. తీగ దాదాపు పదివేలు. స్విచ్చి, బ్రేకరు, రాగి కడ్డీ మూడున్నరవేలు. ట్యాంకు, మంచెకి కలప, గొట్టాలు వేసేసరికి ముప్ఫైవేల అయిదువందల షిల్లింగులు తేలింది. గితోంగా చీటీని రెండుసార్లు చదువుకున్నాడు. ఇన్నేళ్ళూ జనానికి ఈ సొమ్ము తనే చెప్పాడు. చెప్పేవాడికి అది అంకె. ఇప్పుడు అది తన మోటారు సైకిలూ, దానికి తోడు పాలావు తొలి దూడా.

"మంచినీళ్ళ రకం హీటరు తీసుకో, తొమ్మిదివందలు తక్కువ. ఒక్కడివేగా! ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు," అన్నాడు కిహారా.

"నర్సమ్మ చెయ్యి నీకు తెలీదులే. ఉప్పునీళ్ళదే తియ్యి."

"మరి మేస్త్రీ కూలి?"

"వదిలెయ్."

"అబ్బో! ఆ మేస్త్రీ అడ్రసు నాకూ ఇయ్యి. ఒక్క మనిషి స్నానానికి ఇంత ఖర్చేంటి పెద్దాయనా?"

"ఒక్క మనిషికి కాదు," అన్నాడు గితోంగా. కిహారా మేకులు తూచి, ఒక గుప్పెడు ఎక్కువే పోశాడు.

మూడు రోజులు పట్టింది. మంచె తనే కొట్టాడు. ట్యాంకు ఎక్కించేటప్పుడు ఎవరినైనా పిలవచ్చు, పిలవలేదు. తాడు వేసి ఒక్కడే లాగాడు. రాగి కడ్డీ రాయి తగిలి దిగకపోతే, రెండడుగుల అవతల మళ్ళీ కొట్టాడు. మూడో రోజు సాయంత్రం ముందు నీళ్ళు విప్పి, ఆ తర్వాతే కరెంటు వేశాడు. ఇన్నేళ్ళలో ఆ వరస ఒక్కసారీ తప్పలేదు. పైన హీటరు జల్లెడ బుసకొట్టింది. చిన్న గది ఆవిరితో నిండింది. రెండువందల పంతొమ్మిదో స్నానాలగది!

అతను చెయ్యి చాచాడు. ఏమీ తెలియలేదు.

తీగలు లాగి, కాలి, కాయలు కాసిన ఆ అరచేతికి వెచ్చదనానికీ మంటకీ తేడా తెలియడం మానేసి చాలా ఏళ్ళయింది. అందుకే ఏ ఇంట్లోనైనా పని అయ్యాక ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, "అమ్మా, మణికట్టు పెట్టి చూడు" అనేవాడు. ఆవిడ చాలు అంటే చాలు. చాలదంటే ఇంకా వేడెక్కేలా నీళ్ళ ధార తగ్గించి మళ్ళీ చూపించేవాడు. ఆవిడ ఒప్పుకునేదాకా కూలి ముట్టేవాడు కాదు, పని అయిందని పుస్తకంలో రాసుకునేవాడూ కాదు. గుట్టంతా అది ఎరుగుదురు. ఇప్పుడు తడి చెయ్యి పట్టుకుని, ఎవరిని పిలవాలో తెలియక, గది మధ్యలో నిలబడిపోయాడు.

కంచె అవతలినుంచి ఆవిరి చూసి వచేకె ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ఒరే అబ్బాయ్, ఇల్లు తగలబెట్టుకుంటున్నావా?"

"హీటరమ్మా."

ముసలమ్మ గుమ్మంలోనే ఆగింది. పైకి చూసింది. "ఇప్పటికి తెలిసిందన్నమాట నీ ఇంటి దారి. జరుగు. నేను చూసి చెప్తా." గౌను చెయ్యి పైకి మడిచింది.

"వద్దమ్మా."

"ఏం? నీ పెళ్ళానికి దక్కాల్సిన హీటరు కింద పదేళ్ళుగా పోసుకుంటున్నా. నా చెయ్యి పనికిరాదా?"

"అందుకే వద్దన్నాను."

వచేకె మడిచిన చెయ్యి మెల్లిగా కిందికి లాక్కుంది. "అయితే నీళ్ళు కట్టెయ్. డబ్బు పోసి కొన్న కరెంటు టోకెన్లు కాలిపోతున్నాయి," అని వెనక్కి తిరిగి, కంచె దగ్గర ఆగి, "ఫోన్ చెయ్యరా సన్నాసీ, ఈ రోజు ఆదివారం కాకపోయినా," అని వెళ్ళిపోయింది.

అతను ఫోన్ చేశాడు. మంగళవారం పిలుపు అనేసరికి న్యావిరా గొంతులో కంగారు. "ఏమైంది? పడ్డావా?"

"లేదు. హీటరు పెట్టాను. మనింట్లో."

అటువైపు దుకాణంలో ఎవరో బియ్యం కొలుస్తున్న చప్పుడు.

"ఎవరింటికెళ్తుంది ఈసారి?" అంది.

"గోడకి బిగించేశానే. మేకులు కూడా కొట్టాను. కానీ వేడి సరిపోయిందో లేదో తెలీడంలేదు."

"మోచెయ్యి పెట్టి చూసుకో. పసిపిల్లలకి చూస్తారు కదా అలా."

"నా మోచెయ్యికి నాకెంత కావాలో తెలుస్తుంది. నీకెంత కావాలో?"

"ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం. నాకు ఎంత వేడి కావాలో తెలీదా నీకు?"

గితోంగా గోడకి ఆనుకున్నాడు. రెండువందల పద్దెనిమిది ఇళ్ళలో ఎవరికి ఎంత వేడి కావాలో పేరుపేరునా చెప్పగలడు. నర్సమ్మకి పొగలు కక్కాలి. పాదిరిగారి భార్యకి గోరువెచ్చన చాలు.

"తెలీదు," అన్నాడు. "ఎప్పుడూ కాచింది నువ్వే కదా. నువ్వు ఎలాంటి నీళ్ళు పోసుకుంటావో నేనెప్పుడూ చూడలేదు."

బియ్యం కొలిచే చప్పుడు ఆగిపోయింది. ఆమె ఏడుస్తోందో, లెక్క తప్పకుండా చూసుకుంటోందో అతనికి తెలియలేదు.

"ఫోన్లో పిలిస్తే వచ్చే మనిషినా నేను? మా అక్క ఏమనుకుంటుంది?" అంది చివరికి. "వచ్చి ఈ ఇంట్లో కూర్చుని, పెట్టింది తిని, అక్కని అడుగు. రెండు రాత్రులైనా ఉండాలి, పొద్దున దిగి సాయంత్రం పోతానంటే కుదరదు."

"అడిగితే వస్తావా?"

"రా ముందు. చూద్దాం."

ఆ రాత్రి అతను హీటరు కింద స్నానం చెయ్యలేదు. పని పుస్తకం తెరిచి, కొత్త వరసలో ఇంటి యజమాని పేరు రాసి, పని అయిన తేదీ దగ్గర ఖాళీ వదిలేశాడు. బుధవారం వెళ్ళి వచేకెకి ఆవుని అప్పగించాడు, అక్కగారికి రెండు పెద్ద క్యాబేజీలు, బస్తాడు బంగాళాదుంపలు కట్టాడు, కోటు బొత్తాలు కుట్టుకున్నాడు.

గురువారం తెల్లవారుజామున మంచులో నడిచి రోడ్డుకొచ్చాడు. మటాటు వ్యాను కుర్రాళ్ళు బస్తా పైకి విసురుతూ, "పెద్దాయనా, వచ్చేటప్పుడు ఎన్ని సీట్లు?" అని అరిచారు. అతను వినపడనట్టు కిటికీ పక్కన కూర్చున్నాడు. అప్పటికే రోడ్డు పక్కన అతని చిన్న రిపేరు దుకాణం తలుపు మీద సుద్దముక్కతో, బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు కనిపిస్తున్నాయి: హీటరు మాడినవాళ్ళు నీళ్ళు కట్టేసి ఓపిక పట్టండి. మేస్త్రీ మ్వేయా వెళ్ళాడు. ఆగస్టు పదిహేడు, ఆదివారం, సాయంత్రానికి వస్తాడు.