రెక్క మీద కొట్టిన కొబ్బరికాయ

జూన్ నెల రెండో ఆదివారం, ఉదయం ఎనిమిదీ పదికి మా తమ్ముడు సత్తియ్య విమానం రెక్క మీద కొబ్బరికాయ కొట్టాడు. మా ప్రయాణం అక్కడే ఆగిపోయింది. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు.

మేం పుట్టిన ఊరు పోలవరం డ్యాముకి ఎగువన గోదారి నీళ్ళలో మునిగిపోయింది. ఊరు పోయాక సత్తియ్య భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద ట్రాక్టర్ తోలుతున్నాడు. ఈ వేసవిలో నీళ్ళు తగ్గి ఇళ్ళ గోడలు బయటపడ్డాయని కబురొచ్చింది. పడవల్ని అటు పోనివ్వడం లేదు. చెరువుల యజమాని చిన్నరాజు గారు చిన్న విమానం కొన్నారు, ఆయనే నడుపుతారు. "వరద రాకముందే నీ ఇల్లు పైనుంచి చూపిస్తా సత్తియ్యా, మీ అక్కనీ తీసుకురా" అన్నారు.

నేనుండే కొవ్వూరులో ఆరింటి బస్సెక్కాం. సంచీలో కాయ, పసుపు చూసి పక్క సీటావిడ "ఏ గుడికండీ?" అంది.

"విమానాల గుడికండి. అక్కడ దేవుడే ఎగురుతాడు" అన్నాడు సత్తియ్య. గోదారి వంతెన మీద అందరిలాగే రూపాయి విసిరి దణ్ణం పెట్టాడు.

రాజమండ్రి కాంప్లెక్స్ దగ్గర ఇడ్లీ తిని మధురపూడి విమానాశ్రయానికి ఆటో మాట్లాడుకున్నాం. గేటు దగ్గర ఆధార్ కార్డు అడుగుతారు, మర్చిపోకండి.

విమానం తెల్లగా, గుడ్డు పెంకులా నున్నగా ఉంది. కొత్త ట్రాక్టర్‌కి బంపర్ మీద కాయ కొట్టిన చెయ్యి కదా, సత్తియ్య రెక్క అంచు మీద కొట్టాడు. పగల్లేదు. రెండోసారి గట్టిగా కొడితే పగిలింది. చిన్నరాజు గారు ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. చప్పుడు విని అవతలి వైపు నుంచి ఇంజినీరు అమ్మాయి మేరీ పరిగెత్తుకొచ్చింది.

"గీత కూడా పడలేదు కదమ్మా" అన్నారు చిన్నరాజు గారు.

"అదే భయమండి. ఇది రేకు కాదు. గాజునార గుడ్డని జిగురుతో పొరలు పొరలుగా అతికి చేసింది. రేకైతే సొట్టపడి చెబుతుంది. ఇది పైకి బాగానే ఉండి లోపల విడిపోతుంది."

రూపాయి బిళ్ళతో రెక్కంతా తట్టుకుంటూ వచ్చింది. టక్ టక్‌మని మోగుతున్న రెక్క, కాయ తగిలిన చోట చప్పగా పలికింది. సత్తియ్య బిళ్ళ అడిగి తీసుకుని తనూ తట్టి విన్నాడు.

"మిషన్‌తో చూసి బాగుచేసేదాకా ఎగరదండి. నెలలు పట్టొచ్చు."

"అరగంట చాలమ్మా" అన్నాడు వాడు.

"మీరు ఎక్కుతారనే కదండీ వద్దంటున్నా."

"పోనీలే సత్తియ్యా, వచ్చే వేసవికి వెళ్దాం" అన్నారు చిన్నరాజు గారు.

"అప్పటికి ఉండవు బాబుగారూ. మట్టి గోడలు."

పగిలిన కాయ ముక్కలు అందరికీ వాడే పంచాడు. కాయ నేల మీద కొట్టమని ముందు చెప్పేవాళ్ళు లేకపోయారు. వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

పదకొండింటి బస్సులో తిరిగొచ్చాం. వంతెన మీద జనం బిళ్ళలు విసిరారు. వాడు విసరలేదు. మేరీ ఇచ్చిన బిళ్ళతో కిటికీ ఊచని తడుతూ కిందికి చూస్తున్నాడు.

"ఈ నీళ్ళు మనింటి మీంచి వచ్చినవే అక్కా" అన్నాడు.

ఆ ఉదయం రెక్క దగ్గర ఉన్నది చిన్నరాజు గారు, ఇంజినీరు మేరీ, వెంకాయమ్మనైన నేను, ఇల్లు చూడకుండానే తిరిగొచ్చిన మా తమ్ముడు సత్తియ్య.