వానవైపు వాలిన ముల్లు

ఆవిడ వేళ్ల మీద ఎప్పుడూ ఎండిన జిగురు పొట్టు లేస్తూ ఉండేది. అందుకే పిల్లలు జిగురు టీచర్ అని పేరు పెట్టారు. స్కౌటు పిల్లలు ఏది చేసి తెచ్చినా, చూసీ చూడకుండానే "అబ్బో, అద్భుతం!" అనేది. పొగడ్తకు ఖర్చేముంది!

వాతావరణం పాఠం వచ్చిందంటే ఆవిడకు ఎక్కడలేని హుషారు. బడి వరండాలో తాడుకు ఒక రాయి వేలాడదీసి, పక్కన అట్ట మీద రాయించింది: రాయి తడిస్తే వాన, ఊగితే గాలి, కాలితే ఎండ, కనబడకపోతే దొంగ. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

నవ్వనిది పిట్ట ఒక్కతే. సన్నగా ఉంటుందని ఆ పిల్లను అందరూ అలా పిలిచేవారు. ఖాళీ జామ్ సీసా మూతికి బెలూను రబ్బరు బిగించి, దాని మీద స్ట్రాను ముల్లులా అతికించి, వెనక గీతలు గీసిన అట్ట నిలబెట్టింది. ముల్లు పైకి లేస్తే ఎండ, కిందికి వాలితే వాన.

"ఇది నిజంగా చెప్తుందా టీచర్?"

"ఎందుకు చెప్పదే! బంగారంలా చెప్తుంది."

మనసులో మాత్రం అదీ ఆ రాయికి చెల్లెలే అనుకుంది.

గుట్ట మీద శిబిరానికి వెళ్లే రోజు వచ్చింది. టార్పాలిన్లు మోసుకెళ్లాలో వద్దో పిట్ట సీసానే తేల్చాలని పిల్లలు పట్టుబట్టారు. టీచరు అందరికంటే ముందొచ్చి చూస్తే ముల్లు వాన గీత మీద ఉంది. బయట మబ్బు తునక లేదు. ఫోను కూడా ఎండే అంది. జిగురు ఊడి ఉంటుంది, పాపం, పిల్ల నవ్వులపాలవుతుందని జాలిపడి, స్ట్రా పీకి ఎండ గీత ఎదురుగా అతికించింది. చేయి తిరిగిన మనిషి, ఎవరికీ అనుమానం రాలేదు.

టార్పాలిన్లు బడిలోనే వదిలి గుట్టెక్కారు. మధ్యాహ్నానికి కుండపోత. పక్కబట్టలు, అన్నం, చెప్పులు అన్నీ నీళ్ల పాలయ్యాయి.

"నీ సీసా కంటే రాయే నయమే!" అని పిల్లలు పిట్టను ఆడిపోసుకున్నారు. అప్పుడైనా టీచరు నిజం చెప్పాల్సింది. దానికి బదులు "పోనీలెండర్రా, ఏదో సరదాకి చేసింది" అంది. ఆ మాటకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బడికి తిరిగొచ్చాక పిట్ట దగ్గరికొచ్చి, "తప్పు నాదే టీచర్. జిగురు సరిగ్గా పెట్టలేదు. ఇంకోసారి నేర్పిస్తారా?" అంది.

టీచరుకు తల కొట్టేసినట్టయింది.

"నీ జిగురు బాగానే ఉంది తల్లీ. ముల్లు వాననే చూపించింది. నేనే మార్చాను."

పిట్ట మొహం వెలిగిపోయింది. "నా సీసా నిజమే చెప్పిందర్రా!" అని గెంతింది. అందరూ చుట్టూ మూగారు. అంతలో ఆ పిల్లకే అనుమానం వచ్చింది.

"మరెందుకు మార్చారు టీచర్?"

ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఆవిడకు లేదు. తల దించుకుంది.

"నువ్వు చేసింది పనిచేస్తుందని నేననుకోలేదమ్మా."

గుట్ట మీద అంతమంది వెక్కిరించినా ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.