పద్నాలుగు సూదుల బస్సు

మా బాపుకు బస్సంటే కోపం. భువనగిరి వైపు నుంచి నల్లగొండకు పోయే సర్కారు బస్సు రోజూ పొద్దున మా ఊరి పక్కగా వెళ్లేది. సరిగ్గా ఆ వేళకే ఆయన మందను రోడ్డు దాటించి గుట్ట వైపు తోలుకుపోయేవాడు. బస్సు హారన్ మోగిందంటే గొర్రెలు నాలుగు దిక్కులకూ చెదిరిపోయేవి. వాటిని మళ్లీ ఒక్కచోటికి చేర్చేసరికి ఒక్కోసారి పొద్దు నెత్తి మీదికి వచ్చేది. బస్సును తిట్టకుండా ఆయన అన్నం తిన్న రోజు నాకు గుర్తులేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సు వెనక నిలువెత్తు ఇనుప డబ్బా ఒకటి బిగించారు. అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతోనే బండి నడిపేవారు. ఎత్తు వస్తే చాలు, బస్సు ముసలి ఎద్దులా రొప్పేది. జనం దిగి తోసేవారు. నాకప్పుడు పన్నెండేళ్లో పదమూడేళ్లో ఉంటాయి.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం మందలోకి పిచ్చికుక్క జొరబడింది. గొర్రెపిల్లను పట్టబోతుంటే బాపు అడ్డం పోయాడు. అది ఆయన కుడి పిక్క పట్టుకుంది. కట్టెతో కొట్టి విడిపించుకున్నాడు. ఊరివాళ్లు దాన్ని తరిమి చంపారు. మా వాడకట్టులోని ఒక ముసలామె ఏదో ఆకు నూరి పసరు పోసి, గుడ్డ కట్టి, "ఇగ ఫికర్ లేదు" అంది. బాపు మరునాటి నుంచి ఎప్పటిలాగే మందతో పోయాడు. నేనూ వెంట పోయేదాన్ని.

నాలుగో రోజు పొద్దున మా మంద రోడ్డు మీద ఉండగానే బస్సు వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. గొర్రెలు కదలకపోతే కండక్టరు కిందికి దిగాడు. నడివయసు దాటిన మనిషి. నెరసిన గడ్డం, ఖాకీ కోటు, భుజానికి తోలు సంచి. గొర్రెలను అదిలిస్తూ వచ్చి బాపు కాలి కట్టు చూసి ఆగాడు.

"కాలికేమైంది తమ్మీ?"

"కుక్క పట్టింది సాబ్."

"ఊరకుక్కనా, పిచ్చిదా?"

బాపు గొర్రెల వైపు తిరిగాడు. నేనే చెప్పాను. "నోట్లె నుంచి నురుగు కార్చుకుంట వచ్చింది. ఊరోళ్లు కొట్టి చంపిండ్రు."

కండక్టరు ముఖం మారిపోయింది. "ఎన్ని దినాలైంది?"

"నాలుగు."

"నాలుగు దినాల సంది పసరు పోసుకుంట కూసున్నవా? నల్లగొండ దవాఖానల సూదులిస్తరు. బొడ్డు సుట్టూ పద్నాలుగు. రోజుకొకటి. ఇప్పుడే ఎక్కు."

"మందనిడిసిపెట్టి ఎట్లొస్త సాబ్? ఇంట్ల జెప్పాలె గద."

"అయితే రేపు. గిదే జాగల నిలబడు, నేను ఆపుత. మందకేం, ఎవలైన మేపుతరు. నువ్వుండాలె గద తమ్మీ."

బస్సు పోయాక బాపు చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆ రోజు ఆయన బస్సును తిట్టలేదు.

ఇంట్లో చెప్పగానే అమ్మ ఇంకేమీ అడగలేదు. మందను తను తోలుకుపోతానంది. సూది పొడిస్తే కళ్లు తిరుగుతాయని ఎవరో చెప్పారు కాబట్టి బాపు వెంట నన్ను పంపాలనుకుంది. బయలుదేరేముందు నన్ను దొడ్లోకి పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"బిడ్డా, పిచ్చి లోపలికి పోతే మనిషి నీళ్లను జూస్తె బెదురుతడట. గొంతు దిగయట. బాపు నీళ్లు తాగేటప్పుడు జర కనిపెట్టి సూడు. నాకు జెప్పు. ఆయనకు మాత్రం తెల్వనియ్యకు."

ఆ మాట నా మెడకు రాయి కట్టినట్టయింది. ఆనాటి నుంచి చెంబుతో నీళ్లిచ్చేది నేనే. ఆయన తల పైకెత్తి గటగటా తాగుతుంటే గొంతుముడి పైకీ కిందికీ కదలడం చూసేదాన్ని. చెంబు ఖాళీ అయ్యేదాకా నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు.

మొదటిరోజు కండక్టరు అన్న మాట ప్రకారం బస్సు ఆపాడు. మాతోపాటే మా ఊరి గాజులామె కూడా ఎక్కింది. ఆమె వారానికి నాలుగైదు రోజులు గంప నెత్తిన పెట్టుకుని నల్లగొండకో, దారిలోని ఊళ్లకో పోయేది. మేము కూర్చోగానే ఆమె గంపను తన వైపు లాక్కుని లేచి నిలబడింది.

"ఈయనకు పిచ్చికుక్క కరిచింది సాబ్. మనుషుల నడుమ ఎట్ల కూసోబెడ్తవ్? దించెయ్."

బస్సులో కలకలం లేచింది. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. మా పక్కనున్న ఇద్దరు లేచి దూరం జరిగారు. బాపు తల దించుకుని గొంగడి సర్దుకుంటూ దిగడానికి లేచాడు. కండక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"కరిచింది కుక్క. ఈయన ఎవర్ని కరవలే. టికెట్ తీసుకున్నడు, సీట్ల కూసుంటడు. భయమైనోళ్లు దిగి నడుసుకుంట రాండ్రి."

ఎవరూ దిగలేదు. దారి పొడవునా మా బల్ల మీద మేమిద్దరమే కూర్చున్నాం. మా చుట్టూ అంత జాగా ఖాళీగా ఉండటం నాకు సిగ్గుగా అనిపించింది. కిటికీలోంచి వెనక్కి పరుగెత్తే తుమ్మచెట్లను చూస్తూ ఏడుపు ఆపుకున్నాను.

దవాఖానలో సూదులిచ్చే నర్సమ్మ తెల్లచీర కట్టుకున్న పొట్టి మనిషి. బాపును బల్ల మీద పడుకోబెట్టి, బొడ్డుకు ఒక పక్క మందు రాసి, ఇంత పొడుగు సూది దించింది. బాపు పళ్లు బిగబట్టాడే కానీ మూలగలేదు. ఆమె మాత్రం కచ్చితంగా చెప్పింది.

"వరసగా పద్నాలుగు రోజులు రావాలె. నడుమ ఒక్క దినం తప్పినా నేను ఊకోను. మల్ల మొదటి సంది పొడుస్త."

బయటికి వచ్చాక బాపు తన గొంగడి అంచు దారాల్లో ఒకదాన్ని ముడి వేశాడు. మందను లెక్కపెట్టే మనిషికి అదే కాగితం.

అలా మా రోజులు బస్సు చుట్టూ తిరగసాగాయి. పొద్దున ఎక్కడం, సూది పొడిపించుకోవడం, దవాఖాన అరుగు మీద సద్ది తినడం, మధ్యాహ్నం అదే బస్సులో తిరిగి రావడం. నాలుగైదు సూదులయ్యేసరికి బాపు పొట్ట గట్టిపడి, ముట్టుకుంటే సలుపు పెట్టేది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆయన రెండు చేతులతో పొట్ట పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అది చూసి కండక్టరు మమ్మల్ని డ్రైవరు వెనక బల్లకు మార్చాడు. వెనకకంటే అక్కడ కుదుపు తక్కువ. డ్రైవరు కూడా ఎవరూ చెప్పకుండానే గుంతలొచ్చిన చోట బండి నెమ్మది చేయడం మొదలుపెట్టాడు.

ఆరో రోజో ఏడో రోజో గాజులామె మా దగ్గరికి వచ్చింది. చంకలో పాత బొంత ఒకటి ఉంది. దాన్ని మడిచి బల్ల మీద పరిచి, బాపు ముఖం చూడకుండానే అంది.

"దీని మీద కూసో అన్నా. ఆనాడు భయానికి గట్లన్న. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోలే అక్కా" అన్నాడు బాపు. అప్పటి నుంచి ఆమె నా పక్కనే కూర్చునేది.

పదకొండో సూది రోజున అసలు గండం వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి తెల్లారేదాకా వాన కొట్టింది. పొద్దున తెరిపిచ్చాక బస్సు వచ్చింది. మేము ఎక్కాం. సగం దూరం పోయామో లేదో డ్రైవరు బండి ఆపేశాడు. ముందర వాగు. వాగుకు అడ్డంగా రోడ్డు కోసం వేసిన రాతి కట్ట కనబడటం లేదు. దాని మీదుగా ఎర్రనీళ్లు పారుతున్నాయి. అవతలి ఒడ్డున నల్లగొండ నుంచి వచ్చిన బస్సొకటి మాలాగే నిలిచిపోయి ఉంది.

డ్రైవరు దిగి చూసి తల అడ్డంగా ఊపాడు. "బొగ్గు పొయ్యిల నీళ్లు వోతే బండి ఈడనే. నేను దించ."

నాకు నర్సమ్మ మాటలు గుర్తొచ్చాయి. పది సూదులూ వృథా అయిపోయాయనుకున్నాను. మొదటి నుంచి పొడిస్తే ఆ పొట్ట తట్టుకుంటుందా? ఒకవేళ ఆలోపే... ఆ పై ఆలోచించలేకపోయాను. ఏడుస్తూ నిలబడ్డాను.

బాపు మాత్రం ఏడవలేదు. తన పొడుగు కట్టె తీసుకుని నీళ్ల అంచుకు పోయి దాన్ని బురదలో నాటాడు. పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. చాలాసేపటికి నీటి మరక కట్టె మీద బెత్తెడు కిందికి దిగింది.

"దిగుతాంది సాబ్" అన్నాడు కండక్టరుతో. "పైన వాన నిల్సింది. ఇంకో బెత్తెడు దిగితే మనుషులు దాటొచ్చు. ఆ ఒడ్డు బస్సు మనల ఎక్కించుకొని మల్లి పోతది. వాండ్లు వచ్చి మన బస్సెక్కుతరు. అడుగు."

కండక్టరు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అవతలి కండక్టరుతో గట్టిగా మాట్లాడాడు. అటు నుంచి సరేనన్నట్టు తువ్వాలు ఊపారు.

ఇంకో బెత్తెడు దిగేదాకా బాపు ఎవర్నీ కదలనివ్వలేదు. తర్వాత ధోవతి ఎగగట్టి తను ముందు దిగాడు. ఒక్కో అడుగు కట్టెతో పొడిచి చూసుకుంటూ పోయాడు. నీళ్లు మోకాళ్లు దాటి తొడలదాకా వచ్చాయి. నడిమధ్యలో ఆగాడు. వంగి, దోసిలితో ఆ ఎర్రనీళ్లు తీసి ముఖం కడుక్కున్నాడు. ఇంకో దోసిలి తీసి నోట్లో పోసుకుని పుక్కిలించి, మరో దోసిలి తాగాడు.

నేను ఒడ్డునే చతికిలబడిపోయాను. గాజులామె నన్ను పట్టుకుని "ఏమైందే?" అంటుంటే, "ఏం గాలే, ఏం గాలే" అంటున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

బాపు వెనక్కి వచ్చి అందర్నీ వరుసగా నిలబెట్టాడు. ఒకరి చెయ్యి ఒకరు విడవొద్దన్నాడు. గాజుల గంప తన నెత్తిన పెట్టుకున్నాడు. నన్ను తన వెనకే నిలబెట్టుకున్నాడు. "నా అడుగుల అడుగెయ్యుండ్రి. పక్కకు సూడొద్దు" అంటూ మందను దాటించినట్టే మమ్మల్ని దాటించాడు. అవతలి ఒడ్డు వాళ్లను ఇటు తెచ్చిందీ ఆయనే. నాలుగుసార్లు తిరిగాడు. మొదటిరోజు మా పక్క నుంచి లేచిపోయిన వాళ్లలో ఒకాయన ఆ రోజు బాపు చెయ్యి పట్టుకునే వాగు దాటాడు.

ఆ ఒడ్డు బస్సులో తడిబట్టలతో కూర్చున్నాక బాపు నా వైపు తిరిగాడు.

"రోజు నా గొంతు దిక్కు సూస్తున్నవని నాకెర్కలేదనుకున్నవా?"

నేను తడిబట్టల అంచు పిండుకోసాగాను.

"అమ్మ జెప్పిందా?"

"ఊఁ."

"నీకంటె ముందు నేనే సూసుకుంటున్న బిడ్డా. మీరు లేవకముందే కుండ కాడికి పోయి తాగుతున్న. గొంతు దిగినంక మల్ల వచ్చి పంటున్న. నేను భయపడ్తున్ననని మీకు తెల్వొద్దనుకున్న."

నేను ఆయన తడి గొంగడిలో ముఖం దాచుకున్నాను. గొర్రె ఉన్ని వాసన. ఆ దారంతా అలాగే ఉన్నాను.

నర్సమ్మ మేము తడిసి వచ్చింది చూసి మందలించింది. వాగు సంగతి చెబితే నమ్మక, మా వెంట దవాఖాన దాకా వచ్చిన గాజులామెను పిలిచి అడిగి నమ్మింది. సూది అందింది. తర్వాతి మూడు రోజులూ వాన పడలేదు. పద్నాలుగో సూది దించాక ఆమె బాపు పొట్ట మీద మెల్లగా తట్టి, "ఇగ పో. మల్ల నాకు కనబడకు" అంది.

అయినా ఊరు నమ్మలేదు. నలభై రోజులు దాటాలన్నారు. ఆ నలభై రోజులూ అమ్మ సరిగా పడుకోలేదు. ఎప్పుడు మెలకువ వచ్చి చూసినా, ఆమె కూర్చుని బాపు వైపే చూస్తుండేది. నలభై అయ్యాయి. ఇంకో ఇరవై కూడా అయ్యాయి. బాపు మందతో గుట్టకు పోతూనే ఉన్నాడు. బస్సు వస్తే గొర్రెలను తనే పక్కకు తోలి దారి ఇచ్చేవాడు. డ్రైవరు హారన్ కొట్టడం మానేశాడు.

దసరా పోయాక ఒక రోజు బాపు అమ్మను నల్లగొండ తీసుకుపోతానన్నాడు. పెద్ద పనేమీ లేదు. నర్సమ్మకు చిన్న గొంగడి ఒకటి నేయించాడు, అది ఇచ్చి రావాలి. మందను మా మేనమామకు అప్పగించి ముగ్గురం రోడ్డు మీదికి వచ్చాం. అమ్మకు అదే మొదటి బస్సు. ఎక్కేటప్పుడు మెట్టుకు దండం పెట్టింది. కండక్టరు నవ్వి, "రా చెల్లే" అని డ్రైవరు వెనక బల్ల చూపించాడు.

బస్సు కదిలింది. పొయ్యి మోత, ఇనుప రేకుల చప్పుడు, ఎవరి సంచిలోనో కోడి అరుపు. పొలాలు, గుట్టలు, మేము దాటిన వాగు, అన్నీ అమ్మకు చూపించాలని నేను తొందరపడుతున్నాను. "అమ్మా, గిదే వాగు" అని తిరిగేసరికి ఆమె తల బాపు భుజం మీద వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. అంత గాఢమైన నిద్రలో అమ్మను నేను ఎన్నడూ చూడలేదు. బాపు కదలకుండా కూర్చున్నాడు. కండక్టరు టికెట్లు చింపుతూ మా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "పండనీయ్" అని ముందుకు పోయాడు.

నల్లగొండలో జనం దిగే సందడికి ఆమె ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకుంది.

"ఏం సూసినవే దారిల?" అన్నాడు బాపు.

"ఏం సూళ్లే" అంది అమ్మ సిగ్గుపడుతూ. "ఎక్కంగనె నిద్ర పట్టింది."

"మల్లొచ్చేటప్పుడు సూద్దువు గని తీ" అని ఆయన చెయ్యి అందించాడు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆమె నిద్రపోయింది.