రఫూ మనిషి దగ్గరి చూపు

చిరిగిన బట్టను చిరగనట్టు చూపించడం ఒక విద్య. ఎన్నో ఊళ్లు తిరిగాను, ఎన్నో పుస్తకాలు తిరగేశాను గానీ ఆ విద్య మీద పుస్తకం నాకెక్కడా తగల్లేదు. రఫూ బాగా కుదిరితే కంటికి ఆనదు. ఆనని దాని గురించి ఎవరు మాత్రం ఏం రాస్తారు? సరే, దారి తప్పుతున్నాను. చెప్పబోయేది ఒక రఫూ మనిషి సంగతి.

బస్‌స్టాపు ఎదుట, మెట్ల కింద అతని కొట్టు. ఒక బల్ల, ఒక దీపం, సూదులు గుచ్చిన చిన్న దిండు. వయసు నలభై దాటింది. వీధిలో అందరికీ అతను సోడాబుడ్డి. కళ్లద్దాలు అంత మందం మరి. పనిలో కూర్చుంటే మాత్రం అవి తీసి పక్కన పెట్టి, గుడ్డను ముక్కుకి ఆనేంత దగ్గరికి తెచ్చుకునేవాడు. దూరం ఆనని ఆ కళ్లకి ముక్కు ముందున్న పోగులు మోకుల్లా కనిపించేవి. తన పనితనమంతా ఆ బెత్తెడు దూరంలోనే ఉందని అతనికి ఏనాడూ తట్టలేదు.

తట్టిందల్లా అద్దాల సిగ్గే. ఒక పెళ్లిలో ఫొటో కోసం వాటిని జేబులో పెట్టుకుని, ఫొటో అయ్యాక పక్కనున్న చెయ్యి పట్టుకుని "ఇక పద, ఇంటికెళ్దాం" అన్నాడట. ఆ చెయ్యి పెళ్లికొడుకు మేనత్తది. అప్పట్నుంచి బావమరిదికి పండగే.

"బావా, మా అక్క ఇటుంది. ఇటూ!"

నలుగురు చేరితే చాలు, ఇదే పాట. అందరితో పాటు ఇతనూ నవ్వేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

చివరికి లేజర్ చేయించుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ జరిగింది తర్వాత అతనే నాకు చెప్పాడు, తల ఎత్తకుండా.

"మధ్యలో రెప్ప పడితేనండీ?" అని డాక్టరమ్మను అడిగాడట.

"పడదు. క్లిప్పు పెట్టి తెరిచి ఉంచుతాం."

"తుమ్మొస్తే?"

"కన్ను పక్కకి కదిలితే మిషను ఆగిపోతుంది."

"కరెంటు పోతే? సగంలో వదిలేస్తే?"

డాక్టరమ్మ నవ్వింది. "బ్యాటరీ ఉంటుందండీ. చుక్కలు వేస్తాం, నొప్పి పెద్దగా తెలీదు. కొన్నాళ్లు కళ్లు పొడిబారతాయి, చీకట్లో దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చు. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

అతని పక్క కుర్చీలో ఇస్త్రీ నలగని చొక్కాతో ఒక లెక్చరరు కూర్చున్నాడు. మెట్ల కింద చిరుగులు పూడుస్తానని చెప్పడానికి నోరు రాలేదు.

"బట్టల వ్యాపారమండీ."

"ఇప్పుడు అద్దాలు తీస్తే మీకు దగ్గరివి బాగా కనిపిస్తాయి. ఈ వయసులో ఆపరేషనయ్యాక అలా కనిపించవు. దగ్గరికి అద్దాలు కావాలి. సన్నపని ఏమైనా చేస్తారా?"

"అబ్బే, అదంతా పనివాళ్లు చూసుకుంటారండీ."

ఆ కొట్టులో పనివాళ్లంటే అతనూ, అతని సూదీ.

ఆపరేషన్ చక్కగా జరిగింది. ఎదుటి మేడ మీద ఆరేసిన చొక్కాల గుండీలు కూడా కనిపించాయట. బావమరిదిని వీధి మొదట్లోనే గుర్తుపట్టి "ఏరా, చెప్పు తెగిందా?" అని అరిచాడు. ఆ నాలుగు రోజులూ అతను రాజే.

తర్వాత బల్ల ముందు కూర్చున్నాడు. పోగులన్నీ కలిసి పొగైపోయాయి. ఇంకా మానలేదేమోలే అనుకున్నాడు. వారాలు గడిచాయి. బెంగ పట్టుకుంది గానీ ఎవరితో అంటాడు?

ఆ రోజుల్లోనే పురుగు కొట్టిన నా కోటు అతనికిచ్చాను. నన్ను ఎన్నోసార్లు తిప్పించుకుని, ఒకరోజు కాగితంలో చుట్టి, నా మొహం చూడకుండా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే మోచేతి దగ్గర గుడ్డ ముడుచుకుపోయి, మానిన గాయంలా ఉంది. అడగడం ఇష్టంలేక అలాగే తొడుక్కు తిరిగాను. కొట్టుకి టీ తెచ్చిన అతని భార్య ఆ మోచెయ్యి చూసింది. భర్తను వెంటనే ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"ఈయన రఫూ చేస్తారమ్మా. దారం ఆనడం లేదు."

"రఫూనా? బట్టల వ్యాపారం, పనివాళ్లున్నారన్నారే?"

భార్య అతనివైపు తిరిగింది. అతను గోడ మీది అక్షరాల పలక చూస్తూ నిలబడ్డాడు. అట్టడుగు వరస కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"కళ్లు బాగానే ఉన్నాయి" అంది డాక్టరమ్మ. "ముందే చెప్పుంటే వద్దనేదాన్ని. లేదా ఒక కన్ను దగ్గరి చూపుకి ఉంచేసేదాన్ని." కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని అతను నాతో అన్నాడు.

దారిలో భార్య ఒక్క మాటే అందట. "నన్ను పెళ్లికి అడగడానికి వచ్చినప్పుడు మా నాన్నకి మీ చొక్కా చూపించి, ఎక్కడ చిరిగిందో చెప్పండి చూద్దాం అన్నారు. గుర్తుందా?"

తర్వాత నన్ను పిలిచి కోటు అడిగి తీసుకున్నాడు. దగ్గరి చూపుకి చేయించుకున్న కొత్త అద్దాలు పెట్టుకుని, నా ఎదుటే పాత కుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. గుడ్డ ఎంత దూరంలో పట్టుకోవాలో చేతులకింకా తెలియలేదు. పూర్తయ్యాక అలవాటు చొప్పున అద్దాలు తీసేసి, మోచేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మెల్లగా దించి, మళ్లీ అద్దాలు పెట్టుకున్నాడు.

"తెలుస్తోందా అండీ?"

"లేదు" అన్నాను.

"తెలుస్తోంది" అన్నాడు. వేలితో ఆ చోటు నిమిరి, తలెత్తి, అద్దాల పైనుంచి రోడ్డు చివరికి చూశాడు.

"వెళ్లండి. మీ బస్సే వస్తోంది. బోర్డు కనిపిస్తోంది నాకు."